వెడల్పు టైరు, తరిగే మైళ్ళు: విద్యుత్ కారుకు టైర్ల ఎంపిక

2023లో అమెరికా విపణిలోకి వచ్చిన హ్యుందయ్ అయానిక్ 6 కారు వివరాల పట్టికలో ఒక విశేషం ఉంది. 77.4 కిలోవాట్-గంటల బ్యాటరీ, వెనుక చక్రాలను తిప్పే ఒకే మోటారు ఉన్న రకానికి 18 అంగుళాల చక్రాలు వేస్తే, ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్క ప్రకారం ఒక చార్జితో 361 మైళ్ళు నడుస్తుంది. అదే బ్యాటరీ, అదే మోటారు ఉండి 20 అంగుళాల చక్రాలు వేసిన రకానికి ఆ సంఖ్య 305. సౌకర్యాల్లో కొద్దిపాటి తేడాలున్నా, రెండు రకాల మధ్య ప్రధానంగా మారినవి నాలుగు మూలలా ఉన్న చక్రాలూ టైర్లూ మాత్రమే. మొదటిదాని టైరు వెడల్పు 225 మిల్లీమీటర్లు, రెండోదానిది 245. రెండు సెంటీమీటర్ల వెడల్పు, దానితోపాటు మారిన రిమ్ము, టైరు నిర్మాణం, ఇవన్నీ కలిసి 56 మైళ్ళను మింగేశాయి. అంటే దాదాపు ఆరో వంతు.

ఇది తయారీదారు తెలిసి చేసిన మార్పు. దాని ఫలితాన్ని కొలిచి, అద్దం మీద అంటించి మరీ అమ్మాడు. కారు కొన్న మూడు నాలుగేళ్ళకు, మొదటి టైర్లు అరిగిపోయినప్పుడు జరిగే మార్పుకు అలాంటి కొలత ఏదీ ఉండదు. డాలస్ శివార్లలోనో న్యూజెర్సీలోనో టైర్ల దుకాణానికి వెళ్ళిన యజమానికి, అడిగిన కొలత లేదనో, కొంచెం వెడల్పుదైతే పట్టు బాగుంటుందనో మరో టైరు చూపిస్తారు. కారు మరింత దిట్టంగా కనిపిస్తుందన్న ఆశా ఉంటుంది. అక్కడ పది నిమిషాల్లో తీసుకున్న నిర్ణయం తర్వాతి నలభై యాభై వేల మైళ్ళ పాటు ఆ కారు ఎంత దూరం పోతుందో, వానలో ఎలా నిలుస్తుందో, ఎంత బరువు మోయగలదో నిర్ణయిస్తుంది. అందువల్ల వెడల్పు అనే ఒక్క గుణం వెనుక ఏమేమి దాగి ఉన్నాయో విడదీసి చూడడం అవసరం.

టైరు మీది అంకెలు

టెస్లా మోడల్ 3 కారుకు 18 అంగుళాల చక్రాలతో వచ్చే టైరు కొలత 235/45ఆర్18. ఇందులో 235 అనేది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 45 అనేది పక్క గోడ ఎత్తు, వెడల్పులో శాతంగా. అంటే ఆ గోడ ఎత్తు 235లో 45 శాతం, సుమారు 106 మిల్లీమీటర్లు. ఆర్ అనే అక్షరం టైరు లోపలి దారాల అమరిక రేడియల్ పద్ధతిలో ఉందని చెబుతుంది. 18 అనేది రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. ఒకే వరుసలో మిల్లీమీటరు, శాతం, అంగుళం కలిసి ఉండడం వింతగానే ఉంటుంది కానీ, ప్రపంచమంతా ఈ పద్ధతికే అలవాటు పడింది.

ఈ మూడు అంకెలతో టైరు మొత్తం వ్యాసం లెక్కకట్టవచ్చు. 235/45ఆర్18 వ్యాసం 668.7 మిల్లీమీటర్లు. అయానిక్ 6 టైర్లకు ఇదే లెక్క వేస్తే, 225/55ఆర్18 వ్యాసం 704.7, 245/40ఆర్20 వ్యాసం 704.0 అని తేలుతుంది. వెడల్పు 20 మిల్లీమీటర్లు, రిమ్ము రెండు అంగుళాలు పెరిగినా బయటి వ్యాసంలో తేడా మిల్లీమీటరు లోపే. వెడల్పు పెంచినప్పుడు పక్క గోడ శాతాన్ని తగ్గించి వ్యాసాన్ని నిలబెట్టడం ఇంజనీర్లు తప్పకుండా పాటించే నియమం. దుకాణంలో సులువుగా మరిచిపోయే నియమం కూడా ఇదే.

దొర్లడానికి అయ్యే ఖర్చు

పాత ఎద్దుబండి చక్రం కర్రది, దాని చుట్టూ ఇనుప పట్టా. గట్టి నేల మీద అది తేలిగ్గా దొర్లేది. బురదలోనో ఇసుకలోనో దిగబడితే ఎద్దులు నురగలు కక్కవలసి వచ్చేది. దిగిన ప్రతి అడుగులోనూ నేలను నొక్కి, కొత్త గాడి చేసుకుంటూ పోవాలి. ఎద్దుల శక్తి ఆ గాడి చేయడంలోనే కరిగిపోయేది. తర్వాత గాలి నింపిన టైర్లతో టైరు బండ్లు వచ్చినప్పుడు అదే జత ఎద్దులు ఎక్కువ బరువు లాగగలిగాయి. కారణం, నేల బదులు టైరు వంగుతుంది, వంగినది మళ్ళీ యథారూపానికి వస్తుంది.

అయితే రబ్బరు తీసుకున్న శక్తిని పూర్తిగా తిరిగి ఇవ్వదు. టైరు నేలను తాకే చోట చదునుగా నొక్కుకుంటుంది, ఆ చోటు దాటగానే మళ్ళీ గుండ్రమవుతుంది. ప్రతి చుట్టులోనూ ఇలా నొక్కుకుని విడివడే క్రమంలో కొంత శక్తి వేడిగా పోతుంది. చాలా దూరం ప్రయాణించిన తర్వాత టైరును తాకితే తెలిసే వెచ్చదనంలో చాలా భాగం ఇదే. దీన్ని ఇంజనీర్లు రోలింగ్ రెసిస్టెన్స్ అంటారు. తెలుగులో దొర్లుడు నష్టం అనుకోవచ్చు.

టైర్ల చరిత్రలో చాలా భాగం ఈ నష్టంతో చేసిన పోరాటమే. రాబర్ట్ విలియం థామ్సన్ 1845లో గాలి టైరుకు పేటెంటు పొందాడు. అది ఆచరణలో నిలవలేదు. 1888లో జాన్ బాయిడ్ డన్లప్ దాన్ని సైకిలు కోసం మళ్ళీ కనిపెట్టాడు. 1946లో మిషెలిన్ సంస్థ రేడియల్ టైరుకు పేటెంటు తీసుకుంది. అదే సంస్థ 1992లో, కార్బన్ మసి స్థానంలో చాలావరకు సిలికాను కలిపిన రబ్బరుతో తక్కువ నష్టం ఉండే టైర్లను ప్రవేశపెట్టింది. అంతవరకూ తయారీదారులను మూడు లక్షణాలు ఒక త్రిభుజంలా బంధించి ఉంచాయి: తక్కువ దొర్లుడు నష్టం, తడి రోడ్డు మీద పట్టు, ఎక్కువ కాలం మన్నిక. ఒకటి పెంచితే మిగిలిన రెంటిలో ఒకటి తగ్గేది. సిలికా ఆ త్రిభుజాన్ని కొంత విశాలం చేసింది కానీ చెరిపివేయలేదు. ఇవాళ దుకాణంలో కనిపించే ప్రతి టైరూ ఆ త్రిభుజంలో ఎక్కడో ఒకచోట నిలబడ్డ రాజీయే.

పెట్రోలు కారులో కనబడని నష్టం

టైరు సంగతి విద్యుత్ కారు యజమానులకే ఇంత పట్టింపు ఎందుకంటే, పెట్రోలు కారులో ఈ నష్టం ఇంజను నష్టం చాటున దాక్కుని ఉంటుంది. పెట్రోలులోని శక్తిలో ఎక్కువ భాగం ఇంజనులోనే వేడిగా పోతుంది. చక్రాలకు అందేది సుమారు అయిదో వంతు, మహా అయితే నాలుగో వంతు. అమెరికా జాతీయ అకాడమీలకు చెందిన రవాణా పరిశోధన మండలి 2006లో వెలువరించిన నివేదిక ప్రకారం, దొర్లుడు నష్టం 10 శాతం తగ్గితే పెట్రోలు కార్ల మైలేజి పెరిగేది 1 నుంచి 2 శాతం మాత్రమే.

విద్యుత్ కారులో మోటారు నష్టం చాలా స్వల్పం. బ్యాటరీ నుంచి బయలుదేరిన శక్తిలో దాదాపు అంతా గాలిని చీల్చడానికీ, టైర్లను దొర్లించడానికే ఖర్చవుతుంది. ఒక చిన్న లెక్కతో ఇది స్పష్టమవుతుంది. మనుషులతో కలిపి కారు బరువు 2,000 కిలోలు అనుకుందాం. టైరు దొర్లుడు నష్టం టన్నుకు 8 కిలోలైతే, కారును దొర్లించడానికే ఎప్పుడూ 16 కిలోల బలంతో నెట్టుతూ ఉండాలి. మైలు దూరానికి ఆ పని 70 వాట్-గంటలు. టన్నుకు 10 కిలోల నష్టం ఉన్న టైరు వేస్తే అది సుమారు 88 అవుతుంది. మధ్యలో మోటారు, గేర్ల నష్టాన్ని కూడా కలిపితే బ్యాటరీ నుంచి మైలుకు అదనంగా ఖర్చయ్యేది దాదాపు 20 వాట్-గంటలు. అంతకుముందు మైలుకు 250 వాట్-గంటలు వాడే కారు ఇప్పుడు 270 వాడుతుంది. 75 కిలోవాట్-గంటల బ్యాటరీతో 300 మైళ్ళు పోయేది 278 దగ్గర ఆగుతుంది.

డబ్బు లెక్కలో ఇది పెద్దది కాదు. ఏడాదికి 12,000 మైళ్ళు తిరిగితే అదనపు విద్యుత్తు 240 కిలోవాట్-గంటలు. ఇంటి దగ్గర యూనిట్‌కు 15 సెంట్లు అనుకుంటే 36 డాలర్లు. అసలు నష్టం దూరప్రయాణంలో తెలుస్తుంది. చలికాలంలో, రహదారి వేగంలో రేంజి ముందే తగ్గి ఉంటుంది. అప్పుడు తరువాతి చార్జింగ్ స్టేషనుకు చేరతామా లేదా అన్నది ఆ 22 మైళ్ళ మీదే ఆధారపడవచ్చు.

వెడల్పు చేసే పని, చేయని పని

వెడల్పు టైరు నేలను ఎక్కువ మేర తాకుతుందని సాధారణంగా అనుకుంటారు. నిజానికి టైరు నేలను తాకే వైశాల్యం చాలావరకు రెండింటి మీదే ఆధారపడుతుంది: మీద ఉన్న బరువు, లోపలి గాలి పీడనం. అవి మారకపోతే వైశాల్యం కూడా పెద్దగా మారదు. దాని ఆకారం మాత్రం మారుతుంది. సన్నటి టైరు అచ్చు పొడవుగా, ఇరుకుగా పడుతుంది. వెడల్పు టైరు అచ్చు అడ్డంగా, పొట్టిగా పడుతుంది.

ఈ ఆకారపు మార్పే మలుపుల్లో మేలు చేస్తుంది. కారు వేగంగా మలుపు తిరిగేటప్పుడు అడ్డంగా పరుచుకున్న అచ్చు నుంచి పక్కకు నిలదొక్కుకునే బలం త్వరగా వస్తుంది. వేడిని భరించే రబ్బరూ ఎక్కువ ఉంటుంది. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేసినప్పుడు కూడా లాభమే. బరువైన విద్యుత్ కార్లకు తయారీదారులే వెడల్పు టైర్లు ఇవ్వడానికి ఇదొక కారణం. మరో మాటలో, ఆ లాభంలో అవసరమైన మేరను తయారీదారు ముందే కారులో పెట్టి ఇచ్చాడు.

వెడల్పు వల్లనే దొర్లుడు నష్టం పెరుగుతుందని చెప్పడం కూడా పూర్తిగా సరి కాదు. బరువు, పీడనం, రబ్బరు అన్నీ ఒకటే అయితే, పొట్టి అచ్చు ఉన్న వెడల్పు టైరు తక్కువ వంగుతుంది గనుక దాని నష్టం కొంచెం తక్కువే కావచ్చు. ఆచరణలో అన్నీ ఒకటిగా ఉండవు. వెడల్పు టైర్లలో రబ్బరు ఎక్కువ. వాటిలో చాలా రకాలు వేగాన్ని, పట్టును కోరే వారి కోసం జిగురు ఎక్కువగా ఉన్న రబ్బరుతో చేసినవి. కాబట్టి దుకాణంలో వెడల్పు టైరు కొన్నవారు సాధారణంగా వెడల్పుతోపాటు వేరే రబ్బరునూ కొంటున్నారు. రేంజి తగ్గితే నింద వెడల్పు మీద పడుతుంది. తప్పులో పెద్ద భాగం రబ్బరుది.

దీనికి ఎదురు దిశలో వెళ్ళిన కారు 2013లో వచ్చిన బీఎండబ్ల్యూ ఐ3. దాని టైరు కొలత 155/70ఆర్19. ఒక చిన్న కారుకు 19 అంగుళాల పెద్ద చక్రం, కేవలం 155 మిల్లీమీటర్ల వెడల్పు. చక్రం పెద్దదైనకొద్దీ టైరు నేల దగ్గర తక్కువ కోణంలో వంగుతుంది, నష్టం తగ్గుతుంది. సన్నగా ఉండడం వల్ల గాలికి అడ్డు తక్కువ. ఎద్దుబండి చక్రం పెద్దదిగా, సన్నగా ఉండడం వెనుక ఉన్న వివేకం వంటిదే ఇక్కడా పనిచేసింది. తర్వాత వచ్చిన ఐ3ఎస్ అనే చురుకైన రకానికి అదే సంస్థ ముందు 175, వెనుక 195 మిల్లీమీటర్ల టైర్లు ఇచ్చింది. దూరం కోరేవారికి ఒక టైరు, మలుపుల్లో ఉత్సాహం కోరేవారికి మరొకటి.

గాలి సంగతి విడిగా చెప్పుకోవాలి. గంటకు 70 మైళ్ళ వేగంలో గాలి నిరోధం దొర్లుడు నష్టానికి ఇంచుమించు రెట్టింపు ఉంటుంది. అందులో సుమారు నాలుగో వంతు చక్రాల వల్ల, వాటి గూళ్ళ వల్ల కలుగుతుంది. 10 మిల్లీమీటర్ల అదనపు వెడల్పు కారు ముందరి వైశాల్యంలో లెక్కకు రానంత చిన్నది. కానీ తిరుగుతున్న టైరు అంచుల దగ్గర గాలి సుడులు తిరుగుతుంది. అంచు గుండ్రంగా ఉందా నిక్కచ్చిగా ఉందా, రిమ్ము మూసి ఉందా తెరిచి ఉందా అన్నవి ఆ సుడులను మారుస్తాయి. అయానిక్ 6లో పోయిన 56 మైళ్ళలో రిమ్ముకూ వాటా ఉండడం అందువల్లనే.

ఇక వాన. రోడ్డు మీద నీరు నిలిచినప్పుడు టైరు ఆ నీటిని పక్కలకు నెట్టి నేలను తాకాలి. ఒక వేగం దాటాక నెట్టలేక నీటి మీద తేలిపోతుంది. అప్పుడు స్టీరింగూ బ్రేకూ పనిచేయవు. 1963లో నాసా పరిశోధకులు విమానాల టైర్లపై చేసిన ప్రయోగాల నుంచి ఒక సూత్రం రూపొందించారు. పీడనపు వర్గమూలాన్ని 10.35తో గుణిస్తే ఆ వేగం గంటకు మైళ్ళలో వస్తుంది. 36 పౌండ్ల పీడనానికి అది 62 మైళ్ళు. అమెరికా రహదారుల్లో సాధారణ వేగం కంటే తక్కువే. గాడులు లోతుగా ఉన్న కొత్త టైరు ఇంతకంటే మెరుగ్గా నిలుస్తుంది. వాల్టర్ హార్న్ 1984లో ఈ సూత్రానికి టైరు అచ్చు ఆకారాన్ని కూడా చేర్చాడు. అచ్చు పొడవు తక్కువ, వెడల్పు ఎక్కువ అయినకొద్దీ తేలిపోయే వేగం తగ్గుతుంది. పొడి రోడ్డు మీద పట్టు పెంచిన ఆకారమే నిలిచిన నీటిలో పట్టు తగ్గిస్తుందన్నమాట. మంచులోనూ ఇంతే, సన్నటి టైరు మంచును కోసుకుని కిందికి దిగుతుంది, వెడల్పుది పైనే తేలుతుంది.

బరువు మోసే అంకె

కొలత తర్వాత టైరు మీద 98డబ్ల్యూ వంటి గుర్తు ఉంటుంది. చివరి అక్షరం వేగానిది. ముందున్న అంకె లోడ్ ఇండెక్స్, అంటే ఒక్కొక్క టైరు మోయగల గరిష్ఠ బరువుకు సంకేతం. 94 అంటే 670 కిలోలు, 96 అంటే 710, 98 అంటే 750, 100 అంటే 800. పెద్ద బ్యాటరీ వల్ల విద్యుత్ కార్లు అదే పరిమాణపు పెట్రోలు కార్ల కంటే వందల కిలోలు ఎక్కువ తూగుతాయి. అందుకే వాటికి తరచుగా ఎక్స్ఎల్ అనే గుర్తు ఉన్న, దృఢంగా కట్టిన టైర్లు వస్తాయి. ఇవి ఎక్కువ పీడనంతో ఎక్కువ బరువు మోస్తాయి.

అసలు ప్రమాదం ఇక్కడ ఉంది. వెడల్పుదైతే ఎక్కువ మోస్తుందని ఎవరికైనా తోస్తుంది. మోడల్ 3కి వచ్చే 235/45ఆర్18 ఎక్స్ఎల్ టైరు లోడ్ ఇండెక్స్ 98. దాని బదులు 10 మిల్లీమీటర్లు వెడల్పైన 245/45ఆర్18 టైరు సాధారణ రకంలో తీసుకుంటే దాని ఇండెక్స్ 96 మాత్రమే. వెడల్పు పెరిగింది, మోసే శక్తి టైరుకు 40 కిలోలు, నాలుగింటికి 160 కిలోలు తగ్గింది. అదే కొలతలో ఎక్స్ఎల్ రకం తీసుకుంటే ఇండెక్స్ 100, అంటే 800 కిలోలు. రెండు టైర్లూ ఒకే గూటిలో పక్కపక్కన ఉంటాయి, చూపుకు తేడా తెలియదు. కుటుంబమంతా సామానుతో వేసవిలో దూరప్రయాణం చేసినప్పుడు ఆ తేడా టైరు లోపలి వేడిగా పెరుగుతుంది. కార్ల బరువు ఇంకా పెరుగుతున్నందున 2021 నుంచి హెచ్ఎల్ అనే మరింత దృఢమైన రకం కూడా వచ్చింది. హెచ్ఎల్ టైర్లతో వచ్చిన కారుకు ఎక్స్ఎల్ వేయడం కూడా వెనకడుగే.

రిమ్ము వెడల్పునూ చూడాలి. 8.5 అంగుళాల రిమ్ముకు 245/45ఆర్18 సరిపోతుంది. 255/40ఆర్18కి అది అనుమతించిన కనీస వెడల్పు. అంతకంటే వెడల్పు టైరును అదే రిమ్ముకు ఎక్కిస్తే పక్క గోడలు లోపలికి మడిచినట్టయి, కొన్నదానికి తగ్గ పట్టు రాదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు, గుంటలో పడినప్పుడు లోపలి సస్పెన్షన్‌కో బయటి ఫెండర్‌కో రాసుకునే ప్రమాదమూ ఉంది.

కొలత మారితే లెక్క మారుతుంది

245/45ఆర్18 వ్యాసం 677.7 మిల్లీమీటర్లు, పాతదాని కంటే 1.3 శాతం ఎక్కువ. కారు దూరాన్ని చక్రం తిరిగిన చుట్లతో లెక్కపెడుతుంది. చక్రం పెద్దదైతే అదే దూరానికి తక్కువ చుట్లు. నిజంగా 10,000 మైళ్ళు నడిచినా ఓడోమీటరు 9,867 అని చూపుతుంది. స్పీడోమీటరు 70 చూపినప్పుడు నిజమైన వేగం దాదాపు 71.

అరుగుదల ఈ తేడాను ఇంకా పెంచుతుంది. పూర్తిగా అరిగిన టైరు వ్యాసం కొత్తదానికంటే సుమారు 13 మిల్లీమీటర్లు తక్కువ. అరిగిన 235 టైరు తీసి కొత్త 245 టైరు వేస్తే వ్యాసంలో మొత్తం తేడా 3.4 శాతం. కారు సాఫ్ట్‌వేర్ దీన్ని సవరించుకోకపోతే, శక్తి వాడకం ఏమాత్రం పెరగకపోయినా తెర మీద మైలుకు 3 శాతం ఎక్కువ ఖర్చయినట్టు కనిపిస్తుంది. దీనికి తోడు, మందమైన కొత్త ట్రెడ్ ఎక్కువ వంగుతుంది గనుక అరిగిన టైరు కంటే కొత్త టైరు దొర్లుడు నష్టం నిజంగానే ఎక్కువ. అచ్చంగా పాత రకమే మళ్ళీ వేయించుకున్నవారికి కూడా మొదట్లో రేంజి తగ్గుతుంది. కాబట్టి టైర్లు మార్చిన మర్నాడు చూసిన అంకెను పట్టుకుని కొత్త టైరును మెచ్చడమూ తిట్టడమూ తొందరపాటే. జీపీఎస్ దూరంతో పోల్చి, కొన్ని వేల మైళ్ళు నడిచాక చూసిన లెక్కే నమ్మదగినది.

లేబులు లేని అంగడి

ఐరోపాలో 2012 నవంబరు నుంచి టైర్లకు లేబులు తప్పనిసరి. 2021 మేలో దాన్ని సవరించారు. దొర్లుడు నష్టానికి, తడి పట్టుకు ఏ నుంచి ఈ వరకు అయిదు శ్రేణులు. శబ్దానికి మరో గుర్తు. కారు టైరుకు టన్నుకు 6.5 కిలోలు లేదా అంతకు తక్కువ నష్టమైతే ఏ శ్రేణి, 10.5 దాటితే ఈ. పైన లెక్కలో తీసుకున్న 8 కిలోల టైరు సీ శ్రేణిలో, 10 కిలోలది డీ శ్రేణిలో వస్తాయి. ఒక్క అక్షరం తేడా 22 మైళ్ళు.

అమెరికాలో టైరు పక్క గోడ మీద అరుగుదల, తడి పట్టు, వేడి భరించే శక్తి అనే మూడు గ్రేడ్లు ముద్రిస్తారు. దొర్లుడు నష్టానికి గ్రేడు లేదు. 2007లో చేసిన ఇంధన చట్టం అలాంటి సమాచారం కొనుగోలుదారుకు అందించాలని ఆదేశించింది. 2010లో పరీక్షా పద్ధతి ఖరారైంది. లేబులు మాత్రం దుకాణానికి చేరలేదు. కొత్త కారుకు వేసే టైరును రేంజి కోసం తయారీదారే గీచి గీచి ఎంచుకుంటాడు. మార్చి వేయించుకునే టైరును ఎంచుకునేవారికి ఆ సమాచారమే అందదు. అదే టైరు ఐరోపాలోనూ అమ్ముడవుతుంటే అక్కడి లేబులు వెతికి చూడడం ఒక దారి. అయితే కొలత, లోడ్ ఇండెక్స్, మోడల్ పేరు మూడూ సరిగ్గా కలవాలి.

ఎంపిక క్రమం

వెడల్పు గురించి ఆలోచించే ముందు పాత టైరులో లోపమేమిటో తేల్చుకోవడం మేలు. త్వరగా అరిగిందన్నది ఫిర్యాదైతే, దానికి మందు చక్రాల అలైన్‌మెంటు, సరైన పీడనం, సమయానికి ముందు వెనుక టైర్లు మార్చడం, గట్టి ట్రెడ్. వెడల్పు పెంచితే ఆ జబ్బు పోదు. చప్పుడు ఫిర్యాదైతే లోపల నురగ పొర అంటించిన రకాలున్నాయి. వానలో జారిందంటే తడి పట్టు బాగున్న టైరును అదే కొలతలో తీసుకోవాలి. ఈ మూడింటికీ వెడల్పుతో పని లేదు. పొడి రోడ్డు మీద, మలుపుల్లో పట్టు చాలడం లేదన్న ఒక్క సందర్భంలోనే వెడల్పు సరైన జవాబు. అప్పుడైనా ఒక్క మెట్టు, అంటే 10 మిల్లీమీటర్లు చాలు. లోడ్ ఇండెక్స్ పాతదానికి సమానంగానో ఎక్కువగానో ఉండాలి. వ్యాసం ఒకటి రెండు శాతం లోపే మారాలి. రిమ్ముకు తగినదై ఉండాలి. ముందు సన్నవి, వెనుక వెడల్పువి వేస్తే వాటిని ముందు వెనుకలు మార్చుకునే వీలు పోతుంది. వెనుక చక్రాలే తోసి, బ్రేకు శక్తిని కూడా వాటితోనే తిరిగి పట్టుకునే కార్లలో వెనుక టైర్లు ముందే అరుగుతాయి కనుక ఆ ఖర్చునూ లెక్కలో వేసుకోవాలి.

డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద ఒక చిన్న స్టిక్కరు ఉంటుంది. టైరు కొలత, చల్లగా ఉన్నప్పుడు ఉండవలసిన పీడనం, కారు మోయగల బరువు దాని మీద ఉంటాయి. లోడ్ ఇండెక్స్ మాత్రం పాత టైరు మీదే చూసుకోవాలి. దుకాణానికి వెళ్ళే ముందు ఈ రెంటినీ ఫోటో తీసుకుని వెళితే, చూపించిన ప్రతి టైరునూ వాటితో పోల్చవచ్చు. మారిన ప్రతి అంకెకూ కారణం అడిగి తెలుసుకున్నాకే వెడల్పు టైరుకు డబ్బు చెల్లించాలి.